చదువు నడిమధ్యలో ముద్ర మారితే

రంగం వచ్చిన మన పూర్వులు ఏ పట్టా చేతబట్టుకోకుండానే ఓడ దిగారు. కాకినాడ, విశాఖపట్నం వైపు నుంచి వచ్చిన ఆ కూలీలను ఇక్కడివాళ్ళు కోరంగి రేవు పేరు మీదనే ‘కోరంగీలు’ అన్నారు. బియ్యం బస్తా మోసే భుజానికి ఎవరి గుర్తింపూ అక్కరలేదు. వారి మునిమనుమలకు ఆ సౌకర్యం లేదు. చదివిన చదువు ఎక్కడిది, ఎవరు ఒప్పుకున్నారు, ఆ ఒప్పుకున్నవారిని మళ్ళీ ఎవరు ఒప్పుకున్నారు అన్న ప్రశ్నలు ఈనాడు ప్రతి ఇంటికీ వస్తున్నాయి. మా పట్టాను కూడా ఆంధ్రదేశం నుంచి తెచ్చి ఇక్కడి వైద్య మండలి బల్ల మీద పెట్టి, వారు సరేనన్నాకనే రోగి నాడి పట్టుకున్నాం.

కళాశాల తన కోర్సును మార్చుకోవచ్చు. అసలు మార్చకపోతేనే తప్పు. మేము చదువుకున్న వైద్యంలో సగం మా గురువులు చదివి ఉండరు. మార్చే అధికారం ఎవరిదన్నది పాలనకు సంబంధించిన సంగతి. మార్చే నాటికి లోపల కూర్చుని ఉన్న విద్యార్థికి మనం ఏమి బాకీపడతాం అన్నది నీతికి సంబంధించిన సంగతి. మేమిక్కడ రెండోదాన్ని గురించే నాలుగు మాటలు రాయదలచాం.

బయటివారికి ఈ తతంగం తెలియదు కాబట్టి కొంచెం చెప్పాలి. ఒక కోర్సులో రెండు పాఠాలు మారాలన్నా ముందు శాఖలో అధ్యాపకులు కూర్చుంటారు. తరువాత పాఠ్యప్రణాళిక సంఘం, ఆపైన విద్యామండలి, ఆపైన మంత్రిత్వశాఖ, చివరకు గుర్తింపునిచ్చే సంస్థ. కళాశాల తన గురించి తానే ఒక నివేదిక రాసుకోవాలి, పరిశీలకులు వచ్చి గదులు, ప్రయోగశాలలు, రికార్డులు చూడాలి. కాగితం బల్ల నుంచి బల్లకు నడిచేసరికి ఏడాది, రెండేళ్ళు గడుస్తాయి. ఇది విసుగు పుట్టించేదే కాని వ్యర్థం కాదు. అమెరికాలో కమ్యూనిటీ కాలేజీలనే రెండేళ్ళ కళాశాలలు ఉన్నాయి, మనవాళ్ళ పిల్లలు చాలామంది అక్కడే మొదలుపెడతారు. అవి ఒక కోర్సును ఎత్తివేసేటప్పుడు, ఇప్పటికే చేరినవారు దాన్ని ఎలా పూర్తిచేస్తారో రాసి చూపించాలి. ‘టీచ్-ఔట్’ అంటారు దాన్ని. ఆ కాగితాల గుట్టలో మాకు గౌరవం కలిగించే కాగితం అదొక్కటే. ఎందుకంటే మిగతావన్నీ కోర్సు గురించి మాట్లాడతాయి, ఇదొక్కటే మనిషి గురించి మాట్లాడుతుంది. మన ఆంధ్రలో కూడా ‘పాత సిలబస్ వారికి’ అని వేరే ప్రశ్నపత్రం ఇచ్చే ఆనవాయితీ ఉంది. ఆ పేరు విని నవ్వుకునేవాళ్ళం గాని, ఆలోచిస్తే అది చాలా మర్యాదగల ఏర్పాటు.

ఈ నగరం ఆ మర్యాద లేని మార్పులను చాలా చూసింది. 1920కి ముందు రంగూన్ కళాశాల కలకత్తా విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉండేది. ఆ ఏడు డిసెంబరులో కొత్త విశ్వవిద్యాలయ చట్టం అమలులోకి రావడం, విద్యార్థులు తరగతులు విడిచి బయటికి రావడం ఒకే వారంలో జరిగాయి. ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జిల స్థాయి రావాలన్నది పాలకుల వాదన. అందుకోసం విద్యార్థులు ప్రాంగణంలోనే నివసించాలన్నారు, ముందుగా ఒక సన్నాహక సంవత్సరం కలిపారు. స్థాయి పెరగడం ఎవరికి చేదు? కాని ఒక సంవత్సరం అదనమంటే జిల్లాల నుంచి వచ్చే పేద పిల్లవాడికి ఒక ఏడాది తిండి, ఒక ఏడాది అద్దె. స్థాయి ఫలం రేపటి దేశానికి, ఖర్చు నేటి విద్యార్థికి. విద్యార్థులు ష్వేడగోన్ పగోడా మీద సమావేశమై బహిష్కారం ప్రకటించారు. ఆ రోజునే ఈ దేశం జాతీయదినంగా పాటిస్తున్నది.

అక్కడితో కథ అయిపోయిందనుకోవడం మనకు అలవాటు. అసలు కష్టం తరువాత మొదలయింది. బహిష్కరించినవారి కోసం జాతీయ పాఠశాలలు లేచాయి. ఉత్సాహం ఉంది, ఉపాధ్యాయులు ఉన్నారు, గుర్తింపు లేదు, డబ్బు లేదు. కొన్ని మూతపడ్డాయి, కొన్ని సర్కారు సాయం తీసుకుని సర్కారు నియమాలకు లోబడ్డాయి. వాటిలో చదివిన పిల్లలు దేశానికి చేసిన త్యాగాన్ని అందరం పొగుడుతాం. అయితే ఆ త్యాగం తాము చేస్తున్నామని వారిలో ఎంతమందికి తెలుసు? బడి పెట్టిన పెద్దలకూ చట్టం చేసిన దొరలకూ మధ్య ఆ పిల్లల పట్ల బాధ్యత ఎవరిది అన్న మాట ఆ రోజుల్లో గట్టిగా వినిపించలేదనే మా అభిప్రాయం.

వైద్యుల సంగతి వేరు కాదు. 1930లో బ్రిటిషు జనరల్ మెడికల్ కౌన్సిల్ భారతదేశపు వైద్య పట్టాలను గుర్తించడం మానేసింది. కాన్పుల విభాగంలో శిక్షణ చాలదన్నది పెద్ద ఆక్షేపణ. ఆ అవమానం నుంచే 1933 చట్టం, మన సొంత వైద్య మండలి పుట్టాయి. 1975లో మళ్ళీ అలాగే జరిగింది. అప్పటికే నమోదైనవారికి ఇబ్బంది లేదు, తరువాత వచ్చినవారు పరీక్షకు కూర్చోవలసి వచ్చింది. ఇక మన ఊళ్ళల్లో ఎల్.ఎం.పి. డాక్టరుగారిని ఎరగని పెద్దవారు ఉండరు. 1946లో భోర్ కమిటీ ఇక ఒకే రకం డాక్టరు చాలునన్నది, కొందరు సభ్యులు ఒప్పుకోలేదు. ఎల్.ఎం.పి. చదువు పోయింది. అయితే ఆ పట్టా ఉన్నవారికి తక్కువ కాలంలో ఎం.బి.బి.ఎస్. పూర్తిచేసే దారి ఒకటి ఉంచారు. మార్చినవారే వంతెన కట్టారు. ఇది మంచి ఉదాహరణ.

1964 చట్టంతో రంగూన్ విశ్వవిద్యాలయం ముక్కలై వైద్యానికీ, ఇంజనీరింగుకూ వేరువేరు సంస్థలు వచ్చాయి. బోధన బర్మీస్ భాషలోకి మారింది. 1980ల ఆరంభంలో ఇంగ్లీషు మళ్ళీ పైకొచ్చింది. (దాని వెనుక ఒక పెద్దింటి కథ చెబుతారు. నిజమో కాదో, ఇక్కడ అనవసరం.) బళ్ళో ఒక భాష నేర్చి కళాశాలలో మరో భాష ఎదుర్కొన్న ఆ తరంవారిని అడగండి, ఎంత రాత్రి చదువు చదివారో చెబుతారు. 1974 డిసెంబరులో ఊ థాంట్ అంత్యక్రియల గొడవ, ఆ తరువాతి అల్లర్లు అయ్యాక జిల్లాల్లో రెండేళ్ళ ప్రాంతీయ కళాశాలలు పెట్టారు. చూడబోతే కమ్యూనిటీ కాలేజీల వంటివే, ఆలోచన చెడ్డదీ కాదు. కాని పిల్లలకు చదువు దగ్గర చేయడమా, పిల్లలను రాజధానికి దూరం చేయడమా అన్న అనుమానం ఆనాడే ఉండేది. కొన్నేళ్ళకే వాటినీ ఎత్తివేశారు. 1988 తరువాత తలుపులు మూయడం, తెరవడం, మళ్ళీ మూయడం. 1996 డిసెంబరులో మూసినవి 2000 సంవత్సరానికి గాని పూర్తిగా తెరుచుకోలేదు. తెరిచాక సంవత్సరాలను నెలల్లోకి కుదించి బండి నడిపారు. పట్టా మీద ఆ సంగతి ఎక్కడా రాసి ఉండదు. రోగి దగ్గర మాత్రం దాగదు.

2014 జాతీయ విద్యా చట్టాన్ని విద్యార్థులు ఎదిరించారు, 2015 మార్చిలో లెట్‌పడాన్‌లో లాఠీదెబ్బలు తిన్నారు. 2021 ఫిబ్రవరి తరువాతి సంగతి అందరికీ తెలిసిందే. సహాయ నిరాకరణలో మొదట కదిలినవారిలో వైద్యులున్నారు. ఆ మే నెలకు 11,000 మందికి పైగా విశ్వవిద్యాలయ సిబ్బందిని సస్పెండు చేశారని వార్తలు వచ్చాయి. అప్పుడు బయట తాత్కాలిక విశ్వవిద్యాలయాలు, ఫోను మీద పాఠాలు మొదలయ్యాయి. లోపల గుర్తింపు ఉంది, పాత గురువుల్లో చాలామంది లేరు. బయట గురువులు ఉన్నారు, గుర్తింపు లేదు.

మోన్ రాష్ట్రంలోని మన తెలుగు కుటుంబం అమ్మాయి ఒకతె మమ్మల్ని అడిగింది. “అన్నయ్యగారూ, మూడో సంవత్సరంలో ఆగిపోయాను. లోపలికి వెళ్తే తప్పా, బయట ఉంటే తప్పా?” రెండూ తప్పు కావని చెప్పాం. ఆమె తృప్తిపడలేదు. “తప్పు కాదు సరే, మరి డాక్టరునెలా అవుతాను?” అన్నది. ఇది అసలు ప్రశ్న. చరిత్ర, కణశాస్త్రం ఫోనులో వినవచ్చు. పొట్ట మీద చెయ్యి పెట్టి ప్లీహం పెరిగిందా లేదా అన్నది ఫోనులో నేర్పలేరు. మేము నేర్చుకున్నది మా గురువుగారి చేయి మా చేతి మీద ఉండగా, ఒక మలేరియా రోగి ఓపికపట్టి పడుకుని ఉండగా.

ముద్రను తేలిగ్గా తీసిపారేసే మిత్రులతో మేము ఏకీభవించనిది ఇక్కడే. జ్ఞానానికి ముద్ర ఎందుకంటారు. జ్ఞానానికి అక్కరలేదు, ఒప్పుకుంటాం. కాని జ్ఞానం ఉందో లేదో పరీక్షించలేని మూడో మనిషి ఒకడున్నాడు. అర్ధరాత్రి కడుపునొప్పితో వచ్చినవాడు డాక్టరు మార్కులు అడగడు, గోడకు వేలాడే కాగితాన్ని నమ్ముతాడు. ముద్ర అతనికిచ్చిన మాట. పాఠక్రమం విద్యార్థికిచ్చిన మాట. ఒకడికిచ్చిన మాట కోసం రెండోవాడికిచ్చినది తప్పడం సులభం, అధికారులు చాలాసార్లు ఆ సులభమైన దారే పట్టారు. జాలిపడి ముద్ర ఊరికే వేసెయ్యడం రెండో సులభమైన దారి. మధ్యలో ఉన్నది ఖర్చుతో కూడిన దారి. ఆ అమ్మాయి చదివిన మూడేళ్ళను మూడేళ్ళుగా లెక్కకట్టి, ఫోను పాఠాలను పరీక్షించి, లోటుపడిన పడక పక్క చదువును ఎక్కడో ఒక ఆసుపత్రిలో పూర్తిచేయించాలి. ఖర్చు ఆమెది కాకూడదు. సగం మందులో ఉన్న రోగికి మందు మార్చవలసివస్తే మార్పు భారం వైద్యుడిదే. ఇంటికి పోయి మొదటినుంచి రమ్మని ఎవరూ అనరు.

ముందుగా చెప్పడం కూడా బాధ్యతలో భాగమే. 2010లో ఫిలడెల్ఫియాలోని ఇ.సి.ఎఫ్.ఎం.జి. ఒక ప్రకటన చేసింది. 2023 నుంచి తమ వద్దకు వచ్చే విదేశీ వైద్యుల కళాశాలలకు, ప్రపంచ వైద్యవిద్యా సమాఖ్య ఒప్పుకున్న సంస్థ నుంచి గుర్తింపు ఉండాలన్నది. ఆ తేదీని 2024కి జరిపారు. చివరకు గుర్తింపు ఉన్నదీ లేనిదీ రికార్డులో చూపడంతో సరిపెట్టారు. భారత జాతీయ వైద్య కమిషనుకు 2023లో సమాఖ్య ఒప్పుదల దొరికింది. ఎక్కడో వేసిన ఒక తేదీకి విశాఖలోనూ యాంగాన్‌లోనూ హాస్టలు పిల్లలు వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నారు. అయినా పదమూడేళ్ళ గడువు ఇచ్చారు, ఆ సంగతి మెచ్చుకోవాలి. 1920లో ఇక్కడివారికి ఆ గడువు దక్కలేదు.

పెద్ద విశ్వవిద్యాలయాల తప్పులెన్నేటప్పుడు మన ఇంటి సంగతి కూడా చూసుకోవాలి. 1965లో ప్రైవేటు బడులన్నీ ప్రభుత్వపరమయ్యాక మన తెలుగు గుళ్ళ వరండాల్లోకి, వేసవి సెలవుల్లోకి చేరింది. ఏ ముద్రా లేకుండా ఇన్నేళ్ళు నిలిచింది. ఇప్పుడు మన ఆదివారం తరగతికి పాత వాచకం తీసేసి కొత్తది పెట్టాలని, చివర పరీక్ష పెట్టి స్వదేశం నుంచి ధ్రువపత్రం తెప్పించాలని కొందరు సభ్యులు ప్రతిపాదించారు. మాకు అభ్యంతరం లేదు. కొత్త పుస్తకం బాగుంది, బొమ్మలు కూడా ఉన్నాయి. అయితే కొత్త వరుసలో గుణింతాలు వెనక్కి వెళ్ళి కథలు ముందుకొచ్చాయి. పాత రెండో వాచకం సగం చదివిన పిల్లలు పదకొండుమంది ఉన్నారు. వాళ్ళను తిరిగి మొదటి పాఠంలో కూర్చోబెడితే నలుగురైదుగురు మానేస్తారని మేష్టారుగారి అంచనా. వారి పేర్లు, ఎవరు ఏ పాఠం దాకా వచ్చారో రాసి ఇవ్వమని ఆయనను కోరాం. వచ్చే సమావేశంలో పుస్తకం మాట ఎత్తే ముందు ఆ జాబితా చదవాలని కార్యదర్శిగారికి ఉత్తరం రాశాం.