లెక్కలోకి రాని రోగులు



నీరు అల్లాహ్ ప్రసాదించిన గొప్ప అనుగ్రహం. ప్రాణమున్న ప్రతిదాని ఉనికీ నీటితోనే ముడిపడి ఉందని దివ్య ఖుర్‌ఆన్ మనకు బోధిస్తోంది. అదే నీరు కలుషితమైతే ప్రాణాలు తీస్తుంది. 2009 మే నెలలో హైదరాబాద్‌లోని భోలక్‌పూర్‌లో మురుగు కలిసిన మంచినీరు తాగి పలువురు మరణించారు. వందలాది మంది ఆస్పత్రుల పాలయ్యారు.

ఇలాంటప్పుడు మనకు తెలిసేది ఆస్పత్రి రిజిస్టరుకెక్కిన సంఖ్య మాత్రమే. మజ్జిగ తాగి ఇంట్లోనే పడుకున్న అవ్వ, మందుల షాపులో రెండు బిళ్ళలు కొనుక్కొని పనికి పోయిన కూలీ ఏ లెక్కలోకీ రారు. మరి అసలు భారం ఎంతో తెలిసేదెలా?

అమెరికాలోని మిల్వాకీ నగరంలో 1993 మార్చి, ఏప్రిల్ నెలల్లో క్రిప్టోస్పోరిడియం అనే సూక్ష్మజీవి కుళాయి నీటి ద్వారా వ్యాపించింది. అది క్లోరిన్‌కు లొంగదు. పరీక్షల్లో తేలిన రోగులు వందల్లోనే ఉన్నారు. పరిశోధకులు అంతటితో ఆగలేదు. ఇళ్ళకు ఫోన్లు చేసి, ఎవరికైనా నీళ్ళ విరేచనాలు అయ్యాయా అని అడిగారు. మామూలు రోజుల్లో కూడా కొందరికి విరేచనాలు అవుతుంటాయి గనుక ఆ మేరకు తీసివేశారు. మిగిలిన దాన్ని మొత్తం జనాభాకు లెక్క కట్టారు. అంచనా సుమారు 4 లక్షల 3 వేల మందికి చేరింది! నష్టం 9 కోట్ల 62 లక్షల డాలర్లని తర్వాత తేలింది. అందులో మూడింట రెండు వంతులు పనిదినాలు పోగొట్టుకున్న నష్టమే.

ఇందులో మనకు గొప్ప గుణపాఠం ఉంది. ఆ ఇళ్ళవారు నిజం చెప్పారు గనుకనే లెక్క తేలింది. మనమో, “మా ఇంట్లో కలరా అంటే నలుగురూ ఏమనుకుంటారో” అని దాస్తాం. సాక్ష్యాన్ని దాచరాదని ఖుర్‌ఆన్ ఆదేశం. మనం దాచిన ఆ ఒక్క మాట పొరుగింటి పసిబిడ్డను కాపాడగలిగేదేమో!

నిలవ నీటిలో మూత్ర విసర్జన చేయరాదని, పాత్రలపై మూతలు పెట్టాలని దైవప్రవక్త (సఅసం) బోధించారు. హజ్రత్ ఉస్మాన్ (రజి) రూమా బావిని కొని ముస్లిములందరికీ అంకితం చేశారు. మనం బావి కొనలేకపోవచ్చు. కాని కుళాయి నీరు రంగు మారినా, వాసన వచ్చినా వెంటనే తెలియజేయగలం. వీధిలో రెండు మూడిళ్ళలో విరేచనాలు మొదలైతే ఆరోగ్య కార్యకర్తకు చెప్పగలం. నీరు బాగా మరగనిచ్చి తాగగలం. లీటరు శుభ్రమైన నీటిలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు (చిన్న చెంచాతో, తలగొట్టి) కలిపి రోగికి తాగించి, ఆస్పత్రికి చేర్చగలం.

మనుషుల లెక్కలో తప్పిపోయిన ఏ ఒక్కరూ అల్లాహ్ జ్ఞానం నుండి తప్పిపోరు. రేపు ఆయన ముందు నిలబడినప్పుడు, “పొరుగువాని బాధ తెలిసీ ఎందుకు మౌనం వహించావు?” అని అడిగితే మన దగ్గర జవాబుందా?

అల్లాహ్ మనందరికీ నిజం చెప్పే ధైర్యాన్ని, పొరుగువారి హక్కు నెరవేర్చే భాగ్యాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.