జెరాక్సు పుస్తకం, తాత పాట

పుస్తకం కొనలేని విద్యార్థి దాన్ని జెరాక్సు తీయించుకుంటే దొంగతనమా? ఢిల్లీ విశ్వవిద్యాలయంలో ఈ ప్రశ్న కోర్టుకెక్కింది. 2012లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ సంస్థలు విశ్వవిద్యాలయం మీద, రామేశ్వరి అనే జెరాక్సు కొట్టు మీద దావా వేశాయి. పాఠానికి కావలసిన అధ్యాయాలను కలిపి కుట్టి అమ్ముతున్నారని వాటి ఫిర్యాదు. 2016 సెప్టెంబరులో హైకోర్టు దావా కొట్టేసింది. డిసెంబరులో ద్విసభ్య ధర్మాసనం కొన్ని అంశాలను మళ్లీ విచారించమన్నా, బోధనకు అవసరమైన మేరకు నకలు తీసుకోవచ్చన్న మాట మార్చలేదు. 2017లో ప్రచురణకర్తలే వెనక్కు తగ్గారు.

ఇది మనకు దూరపు సంగతి కాదు. ఆదిలాబాద్ రాజ్‌గోండుల మీద హైమన్‌డార్ఫ్ రాసిన పుస్తకం 1948లో లండన్‌లో అచ్చయింది. ఆయన 1995లో పోయాడు. మన చట్టం ప్రకారం ఆ తర్వాత 60 ఏళ్లు, అంటే 2055 దాకా హక్కు ఉంటుంది. గోండు పిల్ల తన ముత్తాతల కథ అందులో చదువుకోవచ్చు. హక్కు మాత్రం మరెవరిదో. రాసినవాడు చట్టానికి ఆనతాడు, తరాలుగా నోట నిలిపినవాళ్లు ఆనరు. ఆయన రాయకపోతే కొన్ని సంగతులు మనకే దక్కేవి కావు, అదీ నిజమే. అయినా ఆ పుటలు పాఠం కోసం జెరాక్సు తీసుకునే పిల్ల తల దించుకోనక్కర్లేదని మా ఉద్దేశం.

చిక్కు ఇక్కడే ఉంది. 1994 సవరణ పాడేవాళ్లకూ ఒక హక్కు ఇచ్చింది. పరధాను కిక్రీ పట్టి పాడుతుంటే అనుమతి లేకుండా రికార్డు చేయకూడదు. కానీ నిజమైన బోధనకో పరిశోధనకో అయితే చేసుకోవచ్చని 39వ సెక్షను మినహాయింపు. మనకు పుస్తకం ఇచ్చిన వాదనే పరిశోధకుడికి మన పాట ఇచ్చేసింది. ఒకటి కావాలి, రెండోది వద్దు అంటే న్యాయమేనా?

న్యాయమే అంటాం. అచ్చయిన పుస్తకం నలుగురూ చదవాలనే బజారుకొచ్చింది. పేన్ ముందు పాడే పాటకు వేళ ఉంది, చోటు ఉంది, వినవలసినవాళ్లు ఉన్నారు. ఒకసారి ఫోనులో పడితే ఎవరి పెళ్లి వీడియో వెనకో మోగుతుంది.

ఇది బయటివాళ్లకే కాదు. పీహెచ్‌డీ కోసం ఊరికొచ్చే మన పిల్లలు కూడా తాతే కదా అని అడక్కుండానే ఫోను నొక్కుతున్నారు. అడగాలి. ఎక్కడ వాడతామో తాతకు తెలిసే భాషలో చెప్పాలి, పేరు రాయాలి, ప్రతి ఊరికి తెచ్చివ్వాలి. వద్దంటే ఆ పాట లేకుండానే థీసిస్ రాయాలి. గైడు అడిగితే, పెద్దలు వద్దన్నారు గనక ఇక్కడ లేదని అదే పుటలో రాయవచ్చు.