రాగము వెంట వచ్చు తలంపు

ధ్యాన భాగములు: కీర్తన 137, 1 కొరింథీయులకు 14:15



బబులోను నదుల యొద్ద, చెరపట్టినవారు సీయోను కీర్తన యొకటి పాడుమని యూదులను అడిగిరి. వారడిగినది ఆరాధనకు కాదు, వినోదమునకు. సితారాలను చెట్లకు తగిలించియున్న యూదులకు నోరు రాలేదు. పాట అదియే, పాడు చోటు మారగా దాని అర్థమును మారునని వారెరిగిరి.

మన దినములలో పాటకు అర్థము కల్పించు గొప్ప స్థలము సినిమా. 2023 మార్చిలో ‘నాటు నాటు’ పాటకు ఆస్కారు బహుమతి వచ్చినది. తెలుగు ఒక్క ముక్క రానివారును దానికి అడుగులు వేసిరి. మాట తెలియకున్నను, తెరమీద చూచిన ఆట వారి కాళ్లలోనికి వచ్చినది. సినిమాపాట ఒంటరిగా రాదు. తన దృశ్యమును వెంటబెట్టుకొని వచ్చును.

ఇందులో మేలును గలదు. 1978లో వచ్చిన ‘కరుణామయుడు’ చిత్రములో, ప్రభువు సిలువ మోయుచు సాగు ఘట్టమునకు మోదుకూరి జాన్సన్ గారు పాట వ్రాసిరి. మన నెల్లూరు సీమకు చెందిన ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గారు దానిని పాడిరి. ఆ పాట సినిమాహాలులో ఆగక గుడిలోనికి నడచివచ్చినది. చదువురాని తల్లులు సైతము శుభశుక్రవారమున అది విని కన్నీరు కార్చుదురు. దృశ్యము సిలువది గనుక రాగమును సిలువయొద్దకే నడిపించినది.

అయితే సరసపు ఆటకు కట్టిన బాణీకి యేసు నామము తగిలించి, ప్రభురాత్రి భోజనవేళ పాడినయెడల ఏమగును? పెదవులు రక్షకుని పేరు పలుకును. పడుచువారి కన్నులయెదుట నటీనటులు ఆడుదురు. రొట్టె చేతిలో నుండగా మనస్సు తెరమీద నుండును. ఇది చిన్న నష్టమా?

లోకరాగములు వలదని నేననుట లేదు. పురుషోత్తమ చౌదరి గారు (1803–1890) ఈ దేశపు రాగతాళములలోనే కీర్తనలు కట్టిరి. ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ తెరచినచో పాటలపైన రాగము, తాళము పేర్లు కనబడును. ఒక రాగములో వెయ్యి పాటలు ఇమిడియుండును. అది ఏ ఒక్క దృశ్యమునకును దాసి కాదు. సినిమా బాణీ అట్లు కాదు, తాను పుట్టిన ఘట్టమునకు కట్టుబడియుండును.

కాబట్టి చిట్టమూరు ప్రాంతపు యౌవనస్థులారా, క్రిస్మసుకు క్రొత్తపాట కట్టునప్పుడు ఒక పరీక్ష చేయుడి. మాటలు లేకుండ బాణీ మాత్రము హార్మోనియముమీద వాయించి, సంఘములోని ఒక పిల్లవానిని, “నీకేమి జ్ఞాపకము వచ్చుచున్నదిరా?” అని అడుగుడి. వాడు చెప్పునది ప్రభుసన్నిధికి తగినదైతే పాడుడి, కానియెడల మానుడి. ఆత్మతోను మనస్సుతోను పాడవలెనని గదా పౌలు కోరినది.

మన పాటలనే గాక, వాటి వెంట వచ్చు తలంపులను సయితము ప్రభువు పరిశుద్ధపరచును గాక. ఆమేన్.