హజ్ యాత్రికుడు గడప దాటే ముందు



హజ్‌కు పేరు వచ్చిన ఇంట్లో సందడికి కొదవ ఉండదు. పాస్‌పోర్టు, టీకాలు, ఇహ్రామ్ వస్త్రాలు, మందులు, సూట్‌కేసులు... అన్నీ జాబితా రాసుకుని మరీ సమకూర్చుకుంటారు. బంధువులు వస్తారు, దావతులు జరుగుతాయి, మెడలో పూలదండలు పడతాయి. అల్లాహ్ గృహానికి వెళ్ళే అతిథిని గౌరవించి సాగనంపడం మంచిదే. అయితే చాలామంది ఆ జాబితాలో రాసుకోని అంశం ఒకటుంది. అది తోటి మనుషులకు తాము పడి ఉన్న బాకీ.

దైవప్రవక్త (సఅసం) కాలంలో యమన్ నుంచి కొందరు చేతిలో ఏమీ లేకుండానే హజ్‌కు బయలుదేరేవారు. మేము అల్లాహ్‌పై భారం వేశామనేవారు. తీరా మక్కా చేరాక జనం ముందు చేయి చాచేవారు. ఈ సందర్భంలోనే ప్రయాణ సామగ్రి వెంట తీసుకువెళ్ళాలని, సామగ్రిలోకెల్లా ఉత్తమమైనది దైవభీతి అని బఖరా సూరాలో ఆదేశం వచ్చింది. గమనించండి! తన ఆరాధన భారం ఇతరుల నెత్తిన పడకూడదన్నది హజ్ యాత్రికునికి నేర్పిన తొలి పాఠాల్లో ఒకటి. ఇతరుల సొమ్ము తన దగ్గర ఉంచుకుని వెళ్ళేవాడు కూడా తన హజ్ భారాన్ని వారి మీద వేసినవాడే కదా!

తిరిగి వస్తామో రామో!

పూర్వం హజ్ ప్రయాణమంటే ప్రాణాల మీద ఆశ వదులుకోవడమే. మొఘలుల కాలంలో మన దేశపు యాత్రికులు సూరత్ రేవులో ఓడ ఎక్కేవారు. అందుకే ఆ రేవుకు ‘బాబుల్ మక్కా’ (మక్కా ద్వారం) అని పేరు వచ్చింది. గాలివాటాన్ని నమ్ముకుని సాగే ఓడలు, తుఫానులు, సముద్రపు దొంగలు, అంటువ్యాధులు దారి పొడవునా పొంచి ఉండేవి. తర్వాత బొంబాయి నుంచి ఆవిరి ఓడలు నడిచాయి. వాటిలో వెళ్ళినవారిని ఎర్ర సముద్రంలోని కమరాన్ దీవిలో దించి, వ్యాధులు లేవని తేలేదాకా నిలిపి ఉంచేవారు. హైదరాబాద్ సంస్థానపు యాత్రికుల బస కోసం నిజాం కాలంలో మక్కాలో రుబాత్ ఏర్పడింది. బొంబాయి నుంచి జిద్దాకు హజ్ ఓడలు 1995లో ఆగిపోయాయి. ఇప్పుడు హైదరాబాద్‌లో విమానం ఎక్కితే కొన్ని గంటల్లో అరబ్బు నేల మీద దిగుతాము.

ఓడ ప్రయాణాల రోజుల్లో తిరిగి వస్తామో రామో తెలియదు కాబట్టి అప్పులు తీర్చి, అమానతులు అప్పగించి, వీలునామా రాసి బయలుదేరడం హాజీల ఆనవాయితీగా ఉండేది. విమానం ఆ భయాన్ని తీసేసింది. నలభై రోజుల్లో వచ్చేస్తాం కదా, అప్పుడు చూద్దాంలే అనే ధోరణి ప్రబలింది. కాని ఇహ్రామ్ మాత్రం మారలేదు. కుట్టులేని ఆ రెండు తెల్లని వస్త్రాలు నేటికీ కఫన్‌నే గుర్తుచేస్తాయి. కఫన్ చుట్టుకునేవాడు అప్పుడు చూద్దాం అనగలడా?

ఇమామ్ గజాలీ (రహ్మ) తన ‘ఇహ్యా ఉలూమిద్దీన్’లో హజ్ మర్యాదలను వివరిస్తూ ప్రయాణానికి ముందు చేయవలసిన పనులు చెప్పారు. పశ్చాత్తాపం చెందాలి, అన్యాయంగా తీసుకున్నవి తిరిగి ఇవ్వాలి, అప్పులు తీర్చాలి, తిరిగి వచ్చేదాకా ఆలుబిడ్డల పోషణకు ఏర్పాటు చేయాలి, అమానతులు ఎవరివి వారికి చేర్చాలి. తవాఫ్, సయీల మాట వీటన్నిటి తర్వాతే!

హజ్‌తో అన్నీ మాఫీ అవుతాయా?

అశ్లీలానికి, పాపానికి దూరంగా ఉండి హజ్ చేసినవాడు తల్లి కడుపున పుట్టిన రోజంత పవిత్రుడై తిరిగి వస్తాడని దైవప్రవక్త (సఅసం) శుభవార్త ఇచ్చారు. బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలు రెండింటిలోనూ ఇది ఉంది. ఎంత గొప్ప వాగ్దానం! అయితే దీని నీడలో ఒక అపోహ పెరిగింది. హజ్ చేస్తే మనుషుల బాకీలు కూడా కొట్టుకుపోతాయని కొందరు అనుకుంటారు. అల్లాహ్ తన హక్కును తాను క్షమిస్తాడు. దాసుని హక్కు మాత్రం ఆ దాసునికి చెల్లించాలి, లేదా అతను మనస్ఫూర్తిగా క్షమించాలి.

అల్లాహ్ మార్గంలో ప్రాణమిచ్చిన షహీద్‌కు సైతం అప్పు తప్ప మిగతా పాపాలన్నీ మన్నించబడతాయని ప్రవక్త (సఅసం) తెలిపారు. ఒకసారి కొద్ది దీనారాల అప్పు మిగిల్చి చనిపోయిన వ్యక్తి జనాజా వచ్చింది. ఆయన స్వయంగా నమాజు చేయించక, మీరు చేయండని సహచరులకు చెప్పారు. హజ్రత్ అబూ ఖతాదా (రజి) ఆ అప్పు నాది అని పూచీ పడ్డాకే నమాజు చేయించారు. షహాదత్ తీర్చని అప్పును హజ్ తీరుస్తుందా?

మన ఇళ్ళలోని బాకీలు

అప్పు అనగానే బ్యాంకు, వడ్డీ వ్యాపారి గుర్తొస్తారు. కాని అసలు బాకీలు ఇంట్లోనే ఉంటాయి.

మొదటిది భార్య మహర్. నికాహ్ రోజున నలుగురి ముందు ఒప్పుకున్న సొమ్ము అది. ముప్ఫై ఏళ్ళు గడిచినా చెల్లించనివారు ఎందరో! దాన్ని సంతోషంగా చెల్లించమని నిసా సూరా ఆదేశిస్తోంది. చావు పడకలో మాఫ్ చేయించుకునే లాంఛనం కాదది, భర్త మెడ మీదున్న రుణం.

రెండోది అక్కచెల్లెళ్ళ వాటా. తండ్రి పొలం, ఇల్లు అన్నదమ్ములు పంచుకుంటారు. ఆడపిల్లల పెళ్ళికి ఖర్చుపెట్టాం కదా అంటారు. పెళ్ళి ఖర్చు వారసత్వం కాదు. ఆ వాటాలను నిర్ణయించినవాడు అల్లాహ్, వాటిని తన హద్దులని పేర్కొన్నవాడూ ఆయనే. పుట్టింటికి రాకపోకలు తెగిపోతాయేమోననే భయంతో చెల్లెలు ‘నాకేమీ వద్దు అన్నయ్యా’ అంటే అది మనస్ఫూర్తి అంగీకారం కాదు. ముందు వాటా ఆమె చేతికి ఇవ్వండి. ఆ తర్వాత ఆమె ఇష్టం.

మూడోది కూలీల వేతనం, కిరాయిదారు అడ్వాన్సు, దుకాణం ఖాతా, దాచమని ఎవరో ఇచ్చిన బంగారం. ఇవి చిన్నవిగా కనిపిస్తాయి. ప్రళయ దినాన నమాజు, రోజా, జకాత్‌లతో వచ్చి, ఇతరుల సొమ్ము తిన్నందుకు ఆ పుణ్యాలన్నీ వారికి పంచి ఇచ్చి దివాళా తీసేవాని గురించి ప్రవక్త (సఅసం) హెచ్చరించారు.

ఈ రోజుల్లో యాత్రకు ముందు ఫోనులో రెండు వందల మందికి ‘మాఫ్ చేయండి’ అని సందేశం పంపడం అలవాటైంది. అందులో నూట తొంభై మందికి మనం ఏమీ బాకీ ఉండం. తట్టవలసిన తలుపులు మాత్రం తట్టకుండానే ఉండిపోతాయి.

అరఫాత్‌లో వినిపించిన మాట

హిజ్రీ 10వ సంవత్సరం (క్రీ.శ. 632) జిల్‌హజ్ 9న ప్రవక్త (సఅసం) అరఫాత్ మైదానంలో వీడ్కోలు ప్రసంగం చేశారు. ఆ దినం, ఆ మాసం, ఆ నగరం ఎంత పవిత్రమైనవో ఒకరి ప్రాణం, ధనం మరొకరికి అంత పవిత్రమైనవని చాటారు. అజ్ఞానకాలపు వడ్డీని రద్దుచేస్తూ తొలుత తన పినతండ్రి హజ్రత్ అబ్బాస్ (రజి)కు రావలసిన వడ్డీని రద్దుచేశారు. పాత రక్తపు పగలను కొట్టివేస్తూ తన వంశం వారి పగనే ముందుగా కొట్టివేశారు. స్త్రీల విషయంలో అల్లాహ్‌కు భయపడమన్నారు. హజ్ నడిబొడ్డున ఆయన గుర్తుచేసినవి మనుషుల హక్కులు. దిద్దుబాటు మొదలైంది ఆయన సొంత కుటుంబంతోనే. మనం కూడా అదే మైదానంలో నిలబడి దుఆ చేస్తాము. ఆ మాటలకు మన ఇల్లు సాక్ష్యం పలకవద్దా?

ఏం చేయాలి?

ఒక కాగితం తీసుకుని ఎవరికి ఎంత ఇవ్వాలో రాయండి. గడువు దాటినవి ముందు తీర్చండి. గడువు ఉన్న అప్పులకు అప్పిచ్చినవారి అనుమతి తీసుకుని, చెల్లింపు బాధ్యత ఒకరికి అప్పగించండి. అప్పిచ్చినవారు మరణిస్తే వారి వారసులకు ఇవ్వండి. ఎంత వెతికినా ఎవరూ దొరక్కపోతే వారి తరఫున దానం చేయండి. వీలునామా రాసి సాక్షులను పెట్టండి.

అప్పులు తీర్చాక హజ్‌కు డబ్బు మిగలకపోతే దిగులు పడకండి. స్తోమత గలవారిపైనే అల్లాహ్ హజ్‌ను విధి చేశాడు. చెల్లెలి వాటా ఇచ్చి ఈ ఏడాది ఇంట్లోనే ఉండిపోయినవాడు అల్లాహ్ ఆజ్ఞను పాలించినవాడే. వడ్డీకి తెచ్చి వెళ్ళడం కన్నా, ధర్మసమ్మతమైన సంపాదన సమకూరేదాకా ఆగడం ఎంతో మేలు.

అల్లాహ్! నీ గృహానికి వచ్చే ముందు నీ దాసుల గుమ్మాల దాకా నడిచే ధైర్యాన్ని మాకు ప్రసాదించు. మా ‘లబ్బైక్’ను స్వీకరించు. ఆమీన్.