ప్రజారోగ్యం: దయా, ధరా, బాకీయా?

ప్రజల ఆరోగ్యంకోసం ప్రభుత్వం డబ్బు ఖర్చుపెట్టాలా, అక్కరలేదా అని ఈనాడు ఎవరూ బాహాటంగా అడగరు. పెట్టాలనే అందరూ అంటారు. మంత్రులూ అంటారు, పారిశ్రామికవేత్తలూ అంటారు, ఆర్థికసంఘాల నివేదికలూ అంటాయి. భేదాభిప్రాయం మరోచోట వుంది. ఆ డబ్బు ఏ పేరుతో ఇస్తున్నారు, ఎప్పుడు ఇస్తున్నారు, ఎవరి చేతికి ఇస్తున్నారు అన్నచోట వుంది. పైకి ఇది లెక్కల గుమాస్తాలు తేల్చుకోవలసిన విషయంగా కనిపిస్తుంది. కాని నా ఉద్దేశంలో ఇది మొట్టమొదట నీతికి సంబంధించిన ప్రశ్న. లెక్కలు ఆ తరువాత వస్తాయి. ప్రజారోగ్యానికి వెచ్చించే సొమ్ము పాలకులు దయతో ఇచ్చేదా? సరుకు కొన్నవాడు కట్టే ధరా? లేక చెల్లించి తీరవలసిన బాకీయా? ఈ మూడింటిలో దేన్ని ఒప్పుకుంటామో దాన్నిబట్టే మన కాలవలూ, కుళాయిలూ, ఆస్పత్రులూ, చివరకు మన చావులూ వుంటాయి.

ఈ ప్రశ్నను గాలిలో చర్చించటంకంటె ఒక ఊళ్ళో నిలబడి చర్చించటం మంచిది. ఆ ఊరు విశాఖపట్నానికి పడమటిదిక్కున వున్న గోపాలపట్నం.

2020 మే 7వ తేదీ తెల్లవారుజామున, సుమారు మూడు గంటలవేళ, గోపాలపట్నం ప్రాంతంలోని ఆర్. ఆర్. వెంకటాపురంలో ఎల్. జి. పాలిమర్స్ ఫ్యాక్టరీ ట్యాంకునుంచి స్టైరీన్ ఆవిరి ఊరిమీదికి వచ్చింది. అధికారిక లెక్క ప్రకారం 12 మంది చనిపోయారు. వందలాదిమంది కింగ్ జార్జి ఆస్పత్రిలోనూ ఇతర ఆస్పత్రులలోనూ చేరారు. నిద్రలోంచి లేచి పరిగెత్తినవారు దారిలోనే కుప్పకూలారు. పశువులు కట్టిన చోటనే చచ్చిపడ్డాయి. కరోనా లాక్‌డౌన్ మూలంగా ఫ్యాక్టరీ అప్పటికి కొన్ని వారాలుగా ఆగి వుంది. ట్యాంకులో నిలవవున్న స్టైరీన్ వేడెక్కి, ఆ వేడికి గడ్డకట్టే రసాయనచర్య మొదలై, ఆ చర్యవల్ల మరింత వేడెక్కి ఆవిరయింది. రాష్ట్రప్రభుత్వం నియమించిన ఉన్నతస్థాయి సంఘం అదే ఏడు జూలైలో నివేదిక ఇచ్చింది. ట్యాంకు అమరికలో లోపం వుందనీ, చల్లబరిచే ఏర్పాటు చాలినంత లేదనీ, సైరను మోగించటానికి 36 చోట్ల వీలున్నా మోగించలేదనీ ఆ సంఘం తేల్చింది.

ప్రమాదం జరిగిన రోజునే మృతుల కుటుంబాలకు కోటి రూపాయల చొప్పున పరిహారం ప్రకటించారు. వెంటిలేటరు మీద వున్నవారికి 10 లక్షలన్నారు. చుట్టుపక్కల అయిదు గ్రామాలలోని 15,000 మందికి తలకు 10,000 రూపాయలన్నారు. మర్నాడు జాతీయ హరిత ట్రిబ్యునల్ కంపెనీని 50 కోట్లు డిపాజిట్ చేయమని ఆదేశించింది. ఈ సొమ్ము ఇవ్వకూడదని మనిషన్నవాడెవడూ అనడు. అయితే ఒక ప్రశ్న వేసుకోకతప్పదు. తెల్లవారేసరికి ఇన్ని కోట్లు కనిపించిన కళ్ళకు, ముందురోజు సాయంత్రంవరకూ చిన్న ఖర్చులు ఎందుకు కనిపించలేదు? ఆ ట్యాంకులో వున్నదేమిటో, అది బయటికి వస్తే గాలివాటం చూసుకొని ఎటు పరిగెత్తాలో, ముఖానికి తడిగుడ్డ ఎందుకు కట్టుకోవాలో ఇంటింటికీ చెప్పటానికి ఎంత ఖర్చవుతుంది? ఏడాదికి రెండుసార్లు సైరను మోగించి చూడటానికి ఎంతవుతుంది? ఒక మనిషి చావుకు కట్టిన వెలలో అది ఎన్నో వంతు?

దీనికి జవాబు పాలకుల మనస్సు కఠినమైనదని కాదు. వారు నిజంగానే కన్నీరు పెట్టి వుండవచ్చు. జవాబు దయ అనేదాని స్వభావంలోనే వుంది. చనిపోయిన మనిషికి పేరు వుంటుంది, ఫొటో వుంటుంది, గుమ్మంలో కూర్చుని ఏడ్చే తల్లి వుంటుంది. చావు తప్పిన మనిషికి ఇవేవీ వుండవు. సకాలంలో సైరను మోగివుంటే బతికేవారు, తాము బతికిపోయామన్న సంగతి కూడా ఎరగకుండా మర్నాడు పనిలోకి పోయేవారు. మురుగుకాలవ బాగుండటంవల్ల విరేచనాలు పట్టని పసిపిల్ల తల్లి ఎవరికి దండం పెడుతుంది? రాని జబ్బుకు కృతజ్ఞత చెప్పేవారుండరు. కృతజ్ఞత లేనిచోట దయకు తావు లేదు. దయ చూపేవాడికి ఎదుట చెయ్యి చాచిన మనిషి కావాలి. అందుచేత దయ ఎప్పుడూ ప్రమాదం వెనకనే నడుస్తుంది, ముందు నడవదు. బాకీ సంగతి వేరు. అప్పిచ్చినవాడు ఏడ్చినా నవ్వినా, ఎదుటవున్నా లేకపోయినా, గడువు రాగానే అది తీర్చవలసిందే. ప్రజారోగ్యం అనబడే పని యావత్తూ గడువుకుముందు తీర్చవలసిన బాకీల జాబితా. దాన్ని దయకు అప్పగించటమంటే దాన్ని రద్దుచేయటమే.

2007లో ప్రారంభమైన ఆరోగ్యశ్రీ కూడా ఈ దృష్టితో ఆలోచించవలసిందే. పెద్ద ఆపరేషనుకు దిక్కులేని కుటుంబాలను అది ఆదుకుంది. దాన్ని చిన్నచూపు చూడటం అన్యాయం. కాని అందులో డబ్బు రోగంవెంట ఆస్పత్రికి పోతుంది. అందులోనూ చాలాభాగం ప్రైవేటు ఆస్పత్రికి పోతుంది. రోగం పుట్టిన వీధిలోకి రాదు.

ఇక రెండవ వాదానికి వద్దాం: వాడుకున్నవాడే ధర కట్టాలి, ఊరికే వచ్చినదానికి విలువ వుండదు అనే వాదం. ఇది మనకు పుస్తకాలలో తగిలింది కాదు. చెత్తబుట్టతోపాటు ఇంటిగుమ్మంలోకే వచ్చింది. 2021 అక్టోబరు 2న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం క్లీన్ ఆంధ్రప్రదేశ్ కార్యక్రమం ప్రారంభించింది. పట్టణాలలో ఇంటికి నెలకు సుమారు 60 నుంచి 120 రూపాయలవరకు రుసుము వసూలు మొదలైంది. జనం దానికి పెట్టిన పేరు చెత్తపన్ను. ఈ వాదంలోని తప్పు ఎక్కడుందంటే, చెత్త ఎత్తటంవల్ల లాభం పొందేవాడెవడో విడదీసి చూపటం అసాధ్యం. రుసుము కట్టలేని ఇంటిముందు నిలవవున్న నీటిలో పుట్టిన దోమ, కట్టినవాడి రశీదు చూసి వెనక్కు తిరిగిపోదు. బియ్యం కొన్నవాడు తింటాడు, కొననివాడు పస్తుంటాడు. అన్యాయమైనా అక్కడ లెక్క తెగుతుంది. పారిశుద్ధ్యంలో లెక్క తెగదు. వీధి మొత్తానికి ఆరోగ్యం వుండాలి, లేకపోతే ఎవరికీ వుండదు. ముక్కలుగా కోసి అమ్మటానికి వీలులేనిదానికి ధర కట్టటం అర్థశాస్త్రంలో పొరపాటు, నీతిలో తప్పు.

2024లో కొత్త ప్రభుత్వం చెత్తపన్నును రద్దుచేసింది. సంతోషమే. కాని వేసింది పైనుంచే, తీసింది పైనుంచే. తీసేటప్పుడు కూడా అది వరంలాగానే వచ్చింది. ఆ ఆదాయం పోయినచోట మరొక సొమ్ము వచ్చి చేరకపోతే భారం ఎవరిమీద పడుతుంది? తెల్లవారకముందే చీపురు పట్టుకొనేవారిమీద పడుతుంది. 2023 డిసెంబరు చివరలో రాష్ట్రమంతటా మునిసిపల్ పారిశుద్ధ్య కార్మికులు సమ్మె చేశారు. 2024 జనవరిలోగాని అది ముగియలేదు. వారి జీతంలో ఆరోగ్యభత్యం అనే పద్దు ఒకటి వుండేది. ఆ పేరు గమనించదగ్గది. ఈ పని నీ ఆరోగ్యాన్ని తినేస్తుందని ప్రభుత్వమే ఒప్పుకొని, దానికి నెలకింత అని వెల కట్టింది. ఊరి ఆరోగ్యాన్ని నిలిపేవాడి ఆరోగ్యమే అంగడి సరుకైంది!

దయా కాదు, ధరా కాదు, బాకీ అంటున్నాము. ఎవరు ఎవరికి బాకీ? ఈ మాట ఆవేశంతో అన్నది కాదని రుజువు చేయటం మన బాధ్యత.

ఈ బాకీకి రెండు పద్దులున్నాయి. మొదటిది పన్ను. గోపాలపట్నంలో ఒక ఆడమనిషి సబ్బుబిళ్ళ కొన్నా, పిల్లవాడికి చెప్పులు కొన్నా, అందులో పన్ను వుంది. 1933లో రేవు తెరిచిననాటినుంచి ఈ పట్నంమీదుగా సాగిన వ్యాపారంమీద, తరువాత వచ్చిన నౌకానిర్మాణంమీద, చమురుశుద్ధిమీద, ఉక్కుమీద వచ్చిన రాబడి పెద్ద ఖజానాలకు పోయింది. అందులోంచి తిరిగి ఊరికి వచ్చే చిన్నభాగానికి గ్రాంటు అని పేరు. తీసుకున్నప్పుడు పన్ను, తిరిగి ఇచ్చేటప్పుడు దానం! రెండవ పద్దు ఏ ఖాతాపుస్తకంలోనూ ఎక్కలేదు. అది ఊపిరితిత్తుల పద్దు. రేవులో దింపిన బొగ్గుధూళినీ, గొట్టాలలోంచి వచ్చే పొగనూ పీల్చుకుంటూ ఈ ఊరి జనం పరిశ్రమకు మూలధనం సమకూర్చారు. ఏ వాటాదారుడూ అంతటి పెట్టుబడి పెట్టలేదు; ఏ వాటాదారుడూ లాభంలో భాగం లేకుండా పెట్టలేదు.

ఈ బాకీ తిరిగి వచ్చే తీరు చూడండి. 2021నుంచి 2026వరకు అయిదేళ్ళకు 15వ ఆర్థికసంఘం స్థానికసంస్థలకు 4,36,361 కోట్ల రూపాయలు సిఫారసు చేసింది. అందులో ఆరోగ్యానికి 70,051 కోట్లు. అంకె చూస్తే కళ్ళు తిరుగుతాయి. కాని దేశజనాభా 140 కోట్లని భాగించి చూస్తే, తలకు ఏడాదికి 100 రూపాయలు. వెంకటాపురంలో ఒక ఇంటిదగ్గర నెలకు అడిగిన చెత్త రుసుముకూ, ఆ ఇంట్లో ఒక మనిషికి ఏడాదికి స్థానికసంస్థ ద్వారా అందవలసిన ఆరోగ్య గ్రాంటుకూ పెద్ద తేడా లేదు. పట్టణ సంస్థలకిచ్చే గ్రాంటుకు షరతు కూడా వుంది: ఆస్తిపన్నుకు కనీసపు రేటు ప్రకటించాలి, వసూళ్ళు రాష్ట్ర ఉత్పత్తితో సమానంగా పెరగాలి. 2020లో ఆంధ్రప్రదేశ్ చట్టం మార్చి, అద్దెవిలువకు బదులు ఆస్తివిలువమీద ఇంటిపన్ను వేయటానికి దారి తీసింది. బాకీపడ్డవాడు అప్పిచ్చినవాడికి షరతులు పెట్టే వ్యవహారం సామాన్యంగా లోకంలో వుండదు. ఇక్కడ వుంది.

ఇంతకంటె పెద్ద లోటు మరొకటి. బాకీ తీర్చాలంటే పుచ్చుకొనే చెయ్యి వుండాలి. 74వ రాజ్యాంగసవరణ 1993 జూన్ 1న అమలులోకి వచ్చింది. పన్నెండవ షెడ్యూలులో ప్రజారోగ్యాన్ని, పారిశుద్ధ్యాన్ని పట్టణసంస్థల పనులలో చేర్చారు. పాలకమండలి గడువు తీరకముందే ఎన్నికలు జరపాలని కూడా రాశారు. కాని 2007లో ఎన్నికైన విశాఖ కార్పొరేషన్ పాలకమండలి గడువు 2012లో తీరితే, తిరిగి ఎన్నికలు జరిగింది 2021 మార్చిలో. అంటే 2020 మే 7 తెల్లవారుజామున గోపాలపట్నంలో తలుపు తట్టి నిలదీయటానికి ఒక్క కార్పొరేటరు లేడు. ఊరు ప్రత్యేకాధికారుల పాలనలో వుంది. 1848లో ఎగువ సైలీషియాలో టైఫస్ జ్వరం ప్రబలినప్పుడు, పరిశీలించటానికి వెళ్ళిన డాక్టరు రుడాల్ఫ్ విర్కో మందులజాబితాతో తిరిగి రాలేదు. ప్రజలకు చదువు, స్వేచ్ఛ, స్వపరిపాలన కావాలని నివేదిక రాశాడు. వైద్యుడు రాజకీయం మాట్లాడాడని అప్పటి పాలకులకు కోపం వచ్చింది. ఆయన మాట్లాడింది వైద్యమేనని మన ఊరి అనుభవం చెబుతోంది.

ఇక్కడ రెండు ఆక్షేపణలు వస్తాయి. మొదటిది: కౌన్సిళ్ళు అవినీతి పుట్టలు, వాటి చేతికి డబ్బిస్తే కంట్రాక్టర్లపాలే. అవినీతి లేదని ఎవరంటారు? కాని పని చేయటానికి సొమ్ములేని కౌన్సిలుకు అమ్ముకోవటానికి మిగిలేది సంతకం ఒక్కటే. పైగా వెంకటాపురం ఫ్యాక్టరీని పర్యవేక్షించవలసింది కౌన్సిలు కాదు. ఫ్యాక్టరీలశాఖ, కాలుష్య నియంత్రణమండలి. కేంద్ర పర్యావరణ అనుమతి లేకుండానే ఉత్పత్తి సాగిందని కంపెనీయే 2019లో ఒక పత్రంలో ఒప్పుకున్నట్టు ప్రమాదం తరువాత పత్రికలలో వచ్చింది. అధికారం ఊరికి దూరంగా వున్నంతమాత్రంచేత పవిత్రం కాదు. దానికి ఊరి దగ్గు వినిపించదు, అంతే.

రెండవది: ఫ్యాక్టరీ ముందు వచ్చింది, ఇళ్ళు తరువాత వచ్చాయి, తప్పు జనానిది. హిందూస్తాన్ పాలిమర్స్‌గా ఆ ఫ్యాక్టరీ పుట్టింది 1961లో, ఎల్. జి. చేతికి వచ్చింది 1997లో. ఊరు ఆ తరువాతనే దానిచుట్టూ పెరిగిన మాట నిజం. అయితే కూలిచేసుకొనేవాడు స్థలం చౌకగా వున్నచోట ఇల్లు వేసుకుంటాడు. ప్రమాదం వున్నచోటే స్థలం చౌక. అక్కడ ఇళ్ళకు నంబర్లు వేసి పన్ను వసూలు చేసినవారు, కరెంటు ఇచ్చి బిల్లు తీసుకున్నవారు, ఓటర్లజాబితాలో పేర్లు రాసుకున్నవారు, ఒక్క చావు విషయంలోమాత్రం మీరెవరో మేమెరగమంటే చెల్లదు. పన్ను రశీదు ఒక ఒప్పందం.

చివరగా మన సంగతి. అభ్యుదయవాదులమని చెప్పుకొనే మనంకూడా శవాన్ని చూసిన తరువాతనే వీధిలోకి వస్తున్నాం. పరిహారం పెంచమని కోరటం మనకు చేతనయింది, అది న్యాయమే. కాని మన వార్డులో దోమలమందుకు ఎంత కేటాయించారు, ఎంత ఖర్చయింది, పక్క ఫ్యాక్టరీ గోదాములో ఏముంది అని ఏడాదిలో ఒక మామూలు రోజున, ఎవరూ చావని రోజున, అడిగినవారం ఎందరం? ఈ వ్యాసం రాసినవాడూ ఆ లెక్కలో నిర్దోషి కాడు. దయను విమర్శించే మనం, కోపంలో దయాశీలుర మాదిరే ప్రవర్తిస్తున్నాం: మనకూ ముఖం కనిపిస్తేగాని కదలిక రాదు. ముఖంలేని మనిషికోసం, ఇంకా జబ్బుపడని మనిషికోసం పోట్లాడటం కష్టమైన పని. చప్పట్లు లేని పని. బడ్జెట్టుపుస్తకం తెచ్చి తరగతిగదిలో పిల్లలచేత చదివించటం, వార్డులో గ్యాసు, రసాయనాల నిలవల పటం గోడమీద అతికించమని పట్టుబట్టటం, జనాభానుబట్టీ ప్రమాదాన్నిబట్టీ షరతులు లేకుండా ఊరికి రావలసిన భాగం అడగటం, గడువుకు ఎన్నికలు జరపమనటం - ఇవన్నీ విసుగుపుట్టించే పనులు. ఆరోగ్యం ఇటువంటి విసుగుపుట్టించే పనులతోనే తయారవుతుంది.

వెంకటాపురంలో ఆ రాత్రి పోయిన 12 మందికి ఇచ్చింది పరిహారం. వారితోపాటు ఆ వీధుల్లో నిద్రపోతున్నవారందరికీ అంతకుముందే రావలసిన బాకీ ఒకటి వుంది. అది ఇంకా తీరలేదు. అప్పు తీర్చినవాడికి ఎవరూ పూలమాల వేయరు. లెక్క సరిచూసుకొని రశీదు రాసిస్తారు.