వేరొకరు నడుము కట్టే వేళ



పునీత యోహాను సువార్త చివరి అధ్యాయాన్ని మనం సాధారణంగా పేతురుకు దొరికిన క్షమాపణగా చదువుతాం. తిబేరియ సరస్సు ఒడ్డున నిప్పుల మీద చేపలు ఉన్నాయి. ప్రభువు మూడుసార్లు అడిగాడు. పేతురు మూడుసార్లు ప్రేమిస్తున్నానని చెప్పాడు. మందను మేపే బాధ్యత అతనికి దక్కింది. మనం అక్కడితో పుస్తకం మూసేస్తాం. కాని ఆ వెంటనే, 18వ వచనంలో, ప్రభువు మరొక సంగతి చెప్పాడు. యౌవనంలో తన నడుము తానే బిగించుకొని ఇష్టమైన చోటికి తిరిగిన పేతురు, వృద్ధాప్యంలో చేతులు చాపవలసి వస్తుందని, వేరొకరు అతనికి నడుము కట్టి, అతడు కోరని చోటికి నడిపిస్తారని ముందే తెలిపాడు.

ఇది పేతురు పొందబోయే వేదసాక్షి మరణాన్ని గురించి అని సువార్తికుడే వివరించాడు. అయినా వయసు మీదపడిన ప్రతివారికీ ఈ మాట తమ కోసమే చెప్పినట్లు వినిపిస్తుంది. నాకూ అలాగే వినిపించింది.

75 ఏళ్ళు నిండిన విచారణ గురువు తన రాజీనామాను పీఠాధిపతికి సమర్పించాలని 1983 నాటి తిరుసభ చట్టం, 538వ సూత్రంలో, కోరుతుంది. నేనూ సమర్పించాను. పీఠాధిపతులవారు ఆమోదించారు. గుడి తాళాలు, జ్ఞానస్నానాల రిజిస్టరు, వివాహాల రిజిస్టరు మరొకరి చేతికి వెళ్ళాయి. ఆ తరువాత కలిసిన వాళ్ళంతా ఆప్యాయంగా ఒకే ప్రశ్న వేశారు: "ఫాదర్ గారూ, ఇప్పుడేం చేస్తున్నారు?" ఆ ప్రశ్న వెనుక మరొకటి ఉంది. వాళ్ళు అడగరు, మన మనస్సే అడుగుతుంది: "పని పోయాక నువ్వు దేనికి?"

ఉద్యోగ విరమణ చేసిన ఉపాధ్యాయులకు, పిల్లలు అమెరికాకో ఆస్ట్రేలియాకో వెళ్ళగా ఇల్లు చిన్నబోయిన తల్లులకు, మంచం పట్టిన రైతుకు ఈ ప్రశ్న తెలుసు. దీనికి విశ్వాసం ఇచ్చే జవాబు ఏమిటో ఈ వారం ఆలోచిద్దాం.

నా దారి మొదటినుంచీ నేను గీసుకున్నది కాదు. 1975లో గురుపట్టం పొందినప్పుడు గురువిద్యాలయంలో బైబిలు బోధించాలని నా కోరిక. పెద్దలు కూడా సరేనన్నారు. 1977 నవంబరు 19న తుపాను వచ్చింది. దివిసీమ మీదికి సముద్రం పొంగింది. వేలాదిమంది చనిపోయారు. "ఆరు నెలలు వెళ్ళి సాయపడి రండి" అన్నారు. ఆ ఆరు నెలలు పదకొండేళ్ళయ్యాయి. హెబ్రీ వ్యాకరణం బదులు సిమెంటు బస్తాల లెక్క నేర్చుకున్నాను. ఉప్పుబారిన బావులు తోడించడం, ఇళ్ళ పైకప్పులు వేయించడం, తల్లిదండ్రులు లేని పిల్లలకు అన్నం వండించడం నా బోధన అయింది.

అక్కడ భార్యను, ఇద్దరు బిడ్డలను కోల్పోయిన ఒక పెద్దమనిషి రోజూ సాయంత్రం వచ్చి వరండాలో కూర్చునేవాడు. చాలా రోజులు ఏమీ మాట్లాడలేదు. ఒకనాడు అడిగాడు: "ఆ రాత్రి దేవుడెక్కడున్నాడు ఫాదర్ గారూ?" నేను వివరణ ఇవ్వలేదు. అతని పక్కన కూర్చున్నాను. ఆ ప్రశ్నకు సమాధానం ఈనాటికీ నా దగ్గర లేదు. సిలువ మీద ప్రభువు కూడా తండ్రిని 'ఎందుకు' అని అడిగాడన్నది మాత్రం తెలుసు. మన ప్రశ్న దేవునికి కొత్త కాదు. ఏ గురువిద్యాలయంలోనూ దొరకని ఈ పాఠం నాకు ఆ వరండాలో దొరికింది.

ప్రియ సహోదరీ సహోదరులారా, అపోస్తలుల కార్యములు 16వ అధ్యాయం చూడండి. పౌలు ఆసియాలో బోధించాలనుకున్నాడు, ఆత్మ అడ్డుపడ్డాడు. బితూనియకు పోవాలనుకున్నాడు, అదీ సాగలేదు. అతడు అనుకోని మాసిడోనియాకు దారి తెరుచుకుంది. తరువాత స్పెయిన్‌కు వెళుతూ దారిలో రోమును చూడాలని రోమీయులకు రాశాడు. రోము చేరాడు, కాని ఖైదీగా. అక్కడ రెండేళ్ళు అద్దె ఇంట్లో, సైనికుని కాపలాలో గడిపాడు. కాళ్ళరిగేలా ఊళ్ళు తిరిగిన పౌలు ఇంటి గడప దాటలేకపోయాడు. అప్పుడు మనుష్యులే అతని దగ్గరకు వచ్చారు. కదలలేని అపోస్తలుడు కూడా అపోస్తలుడే.

మన కాలంలో చూడండి. అర్జెంటీనాకు చెందిన బెర్గోలియో అనే యువ యేసుసభ సభ్యుడు జపాను వెళ్ళి సేవ చేయాలని కోరుకున్నాడు. 21వ ఏట ఊపిరితిత్తిలో కొంత భాగం తీసివేయడంతో, ఆరోగ్యం చాలదని పెద్దలు పంపలేదు. 75 ఏళ్ళు నిండగానే, 2011 డిసెంబరులో, బ్యూనస్ ఐరిస్ అగ్రపీఠాధిపతిగా ఆయన రాజీనామా సమర్పించారు. వృద్ధ గురువుల నివాసంలో శేషజీవితం గడపాలనుకున్నారు. 2013 మార్చి 13న ఫ్రాన్సిస్ పోపుగారు అయ్యారు. 2025 ఏప్రిల్ 21న కన్నుమూసేవరకు ఆ సేవలోనే ఉన్నారు.

"చూశారా, విశ్రాంతి కోరినవారికి దేవుడు గొప్ప పదవి ఇచ్చాడు" అని సంతోషించి ఆగిపోకండి. అంతకు పదమూడు రోజుల ముందే, ఫిబ్రవరి 28న, పదహారవ బెనెడిక్ట్ పోపుగారు తమ పదవిని విడిచిపెట్టారు. 2022 డిసెంబరు 31 వరకు, దాదాపు పదేళ్ళు, వాటికను తోటలోని ఒక మఠంలో ప్రార్థనలో గడిపారు. ఒకరిని ప్రభువు విశ్రాంతినుంచి పనికి నడిపించాడు, మరొకరిని పనినుంచి మౌనానికి నడిపించాడు. ఇద్దరిదీ ఒకే విధేయత. ఎవరిది పెద్ద సేవ అని తూచే త్రాసు మన చేతిలో లేదు.

ఆ తూకం వేయాలన్న శోధన పేతురుకు కూడా వచ్చింది. తన సంగతి వినగానే వెనక్కి తిరిగి మరొక శిష్యుణ్ణి చూసి, మరి ఇతని మాటేమిటని అడిగాడు. అది నీకెందుకని ప్రభువు అతని చూపును తనవైపు తిప్పుకొన్నాడు. తోటివారిలో ఒకరు పీఠాధిపతి అవుతారు, ఒకరు గ్రంథాలు రాస్తారు. ఒకరి కొడుకు డాక్టరవుతాడు, ఇంకొకరి కొడుక్కి సీటు రాదు. ఇరుగుపొరుగు దారులను కొలుస్తూ కూర్చుంటే మన కాళ్ళు కదలవు.

ఒక హెచ్చరిక కూడా అవసరం. కోరని చోటికి నడిపించే ప్రతి చెయ్యీ దేవుని చెయ్యి కాదు. పేదవాని భూమి లాక్కుంటే అది దేవుని చిత్తం కాదు. ఆడబిడ్డ చదువు మాన్పిస్తే అది దేవుని చిత్తం కాదు. అన్యాయాన్ని ఎదిరించాలి. అయితే వయసు, జబ్బు, బదిలీ, ఎడబాటు వంటివి మన బలంతో ఆగవు. ఆ దారిలో ప్రభువు మనకంటే ముందు నడుస్తున్నాడా లేదా అన్నదే ప్రశ్న. నడుస్తున్నాడు. గమనించండి: తనను వెంబడించమని ఆయన పేతురుతో అన్నది ఆ కష్టమైన కబురు చెప్పిన తరువాతనే.

పదవి ఒకనాడు ముగుస్తుంది, పట్టం ముగియదు. జ్ఞానస్నానమూ ముగియదు. నేడు నేను ఉదయం చిన్న ప్రార్థనాగదిలో దివ్యబలి అర్పిస్తాను. పాపసంకీర్తనానికి వచ్చినవారి మాట వింటాను. జపమాలలో ఒక్కొక్క పదికి నేను పనిచేసిన ఒక్కొక్క విచారణను తలుచుకుంటాను. మన ప్రభువు సిలువ మీద చేతులు కదలని గంటల్లోనే లోకాన్ని రక్షించాడు కదా!

ఈ వారం ఒక కాగితం తీసుకోండి. మీ జీవితం మీరు అనుకోని వైపు తిరిగిన మలుపులు రాయండి. ఆ మలుపు లేకుంటే మీకు ఎన్నటికీ తెలియకపోయే మనిషి పేరు ఒక్కొక్కదాని ఎదుట రాయండి. ఆ పేర్లతో ప్రార్థించండి. మీ ఊళ్ళో విశ్రాంతి తీసుకున్న ఉపదేశిగారో, టీచరమ్మగారో ఉంటే వెళ్ళి పలకరించండి. ఏం చేస్తున్నారని అడగవద్దు. మా కోసం ప్రార్థించండి అని అడగండి.

ప్రభువా, మా నడుము మేమే కట్టుకొన్న రోజులకు నీకు వందనాలు. వేరొకరు కట్టే రోజున మా చేతులు చాపే ధైర్యం దయచేయండి. ఆమెన్.