కథలో క్రీడ – కథకుని బాధ్యత

కథ జీవితాన్ని చిత్రించాలి, చదువరి హృదయాన్ని సంస్కరించాలి; మాటలతో ఆడుకోవడం వినోదమే గాని విలువ కాదని గంభీర విమర్శకులు తరచుగా భావిస్తూ వచ్చారు. ఈ భావన ఎంతవరకు నిలుస్తుందో పరీక్షించడానికి ఫ్రెంచి రచయిత రేమోఁ కెనో 1947లో వెలువరించిన ‘శైలీ అభ్యాసాలు’ అనువైన గ్రంథం.

అందులోని ఉదంతం అత్యల్పం. పారిస్‌లో కిక్కిరిసిన బస్సులో పొడవాటి మెడ, రిబ్బనుకు బదులు అల్లిన తాడు చుట్టిన టోపీ గల ఒక యువకుడు, పక్కవాడు తనను నెడుతున్నాడని కసురుకుంటాడు. సీటు ఖాళీ కాగానే పరుగున వెళ్లి కూర్చుంటాడు. రెండు గంటల తరువాత సేం-లజార్ స్టేషను ఎదుట మళ్లీ కనిపిస్తాడు. కోటుకు మరో బొత్తాం కుట్టించుకొమ్మని మిత్రుడు సలహా ఇస్తుంటాడు. ఇంతే. దీనినే కెనో 99 విధాలుగా చెప్పాడు: కలగా, తంతిగా, పద్యంగా, విచారణగా, చివరి నుండి మొదటికి.

ఇటువంటి క్రీడ భారతీయ సాహిత్యానికి కొత్త కాదు. దండి ‘దశకుమార చరితం’లో మంత్రగుప్తుడు, ప్రేయసి దంతక్షతం వల్ల పెదవి నొచ్చినందున, ఓష్ఠ్యాక్షరాలు లేకుండానే తన వృత్తాంతమంతా చెబుతాడు. 13వ శతాబ్దిలో ఈ కావ్యాన్ని తెనిగించిన కేతన ‘అభినవదండి’ అయ్యాడు. దండి చేతిలో నియమం వట్టి విన్యాసం కాదు. అది కథకుని శరీరస్థితి నుండే పుట్టింది. చెప్పేవాని స్థితి చెప్పే తీరును నిర్ణయిస్తుందన్న ఎరుక ఆ చమత్కారంలో ఉంది.

కెనో గ్రంథంలో ఈ ఎరుక నైతిక ప్రశ్నగా మారుతుంది. ఒకచోట యువకుడే తన గోడు చెప్పుకుంటాడు; మరొకచోట అతడు కసురుకున్న ప్రయాణికుడు మాట్లాడతాడు. బస్సు అదే, రద్దీ అదే. దోషి మాత్రం మారిపోతాడు. ప్రభుత్వాధికారికి వ్రాసిన లేఖలో సాక్షి తాను నిష్పాక్షికుడనంటూనే చూసినదానికి భయకంపితుడైనట్లు తెలుపుకుంటాడు. భాష గంభీరమైనంత మాత్రాన తీర్పు న్యాయం కాదని చదువరికి నవ్వులోనే తెలిసివస్తుంది.

ఇన్ని కథనాలుంటే సత్యమనేదే లేదని అర్థమా? కాదు. తోపులాట, టోపీ, బొత్తాం వేషాలు మార్చుకుంటూనే మళ్లీ మళ్లీ ఎదురవుతాయి. మారేది వాటిపై వేసే ముద్ర. జరిగినదానికీ, జరిగినదని చెప్పేదానికీ మధ్యగల దూరాన్ని కొలవడం నేర్పుతుంది ఈ ఆట. వీటిలో తొలి రచనలు ఫ్రాన్సు జర్మనీ ఆక్రమణలో ఉన్న 1942 నాటివి. ఒకే కథనాన్ని అధికారం శాసిస్తున్న కాలంలో ఈ విద్య అల్పమైనది కాదు.

అయినా ఈ క్రీడకు ఒక హద్దున్నది. బస్సులో నలిగింది ఒకరి పాదం మాత్రమే కనుక నవ్వగలుగుతున్నాం. అక్కడ ఒక ప్రాణమే పోయి ఉంటే, మృతుని పక్షాన పలికే గొంతు లేకుండా ఎన్ని కథనాలు అల్లినా అవి అతనికి మరిన్ని గాయాలే. అటువంటి చోట ఆట ఆగవలసిందే. కాని ఆట నేర్పిన జాగ్రత్త మరింత అవసరమయ్యేది కూడా అక్కడే. ఏ మాటను ఎంచుకున్నా అది తన ఎంపికేనని, దాని ఫలితానికి తానే ఉత్తరవాదినని గ్రహించిన కథకుడే ఇతరుల బాధను చెప్పడానికి అర్హుడు.